పడవ దిగాల్సిన ఊరు

ఫ్రాన్సులో ఒక నది ఒడ్డున చిన్న ఊరుంది. దాని పేరు ఇక్కడ రాయను. రాసినా, ఆ పేరులో చివరి అక్షరాలు పలకరట, నోటికి ఎక్కడ ఆపాలో నాకు ఈనాటికీ తెలియదు. కానీ ఆ ఊళ్ళో వంతెన దిగి ఎడమకు తిరిగితే రొట్టెల కొట్టు వస్తుందని తెలుసు. దాని పక్క ఇంటి కిటికీ తలుపులకు వేసిన నీలిరంగు పెచ్చులూడిపోయిందని తెలుసు. చర్చి గోపురం మీది రెండు గడియారాలు రెండు వేర్వేరు వేళలు చూపిస్తాయని కూడా తెలుసు. నేను మదనపల్లె నుంచి వెళ్ళిన అతి దూరం మాత్రం బెంగుళూరు.

ఆ ఊరికి వెళ్తానని కొంతకాలం నిజంగా నమ్మాను. పాస్‌పోర్టు కూడా తీసుకున్నాను. మా ఇంట్లో అదే మొదటిది.

నా పని ఇంట్లో కూర్చుని చేసేది. బెంగుళూరులో ఒక చిన్న ట్రావెల్ ఆఫీసు ఉంది. మన వైపు వ్యాపారస్తుల కుటుంబాలను వేసవిలో యూరప్ తిప్పి తీసుకొస్తారు. వెళ్ళేవాళ్ళలో చాలామందికి ఇంగ్లీషు రాదు. అక్కడి గైడు చెప్పేది అర్థం కాక బస్సులో నిద్రపోతారు. అందుకని ఒక్కో చోటు గురించి తెలుగులో రాయించి, చదివించి, చెవిలో పెట్టుకుని వినేలా ఫోన్లో ఇస్తారు. ఆ రాసేది నేను. డిగ్రీ చదివేటప్పుడు నేను క్లాసులో నోరు విప్పి మాట్లాడింది లేదు, పరీక్ష పేపర్లు మాత్రం బాగా రాసేదాన్ని. మా తెలుగు లెక్చరర్ అది గుర్తుపెట్టుకుని ఈ పని చెప్పారు. ఎవరికీ ఎదురుపడకుండా చేసుకునే పని దొరకడం నాకు పెద్ద అదృష్టంలా అనిపించింది.

పెద్ద ఊళ్ళ గురించి రాయడం తేలిక. అందరూ రాసిందే కొంచెం మార్చి రాస్తే సరిపోతుంది. ఈ చిన్న ఊరు గురించి రాసినవాళ్ళు తక్కువ. పడవలో వెళ్ళే యాత్రలో ఒక పూట అక్కడ ఆపుతారు, అంతే. ఆ ట్రావెల్ ఆఫీసు నడిపే సార్ ఫోన్లో, “పది నిమిషాలు వినేంత రాయమ్మా చాలు, దిగతారు, ఫొటోలు తీసుకుంటారు, ఎక్కేస్తారు” అన్నారు. నేను ఆ పది నిమిషాల కోసం నెలల తరబడి ఆ ఊళ్ళోనే ఉన్నాను.

మొదట అక్కడ ఊరే లేదు. నది కొంచెం వెడల్పయి లోతు తగ్గే చోట దాటించే పడవ ఒకటి ఉండేది. దాటేవాళ్ళు ఆగేందుకు ఒక సత్రం, గుర్రాలకు నాడాలు వేసే కొలిమి, తర్వాత ఒక చిన్న చర్చి వచ్చాయి. రాతి వంతెన కట్టాక దాటే ప్రతి బండి దగ్గరా సుంకం తీసుకున్నారు. ఆ సుంకంతో ఊరి చుట్టూ గోడ లేచింది. యుద్ధంలో వంతెన కమాను ఒకటి కూలిపోతే చెక్కతో అతుకు వేసుకుని చాలాకాలం గడిపారు. తర్వాత తోళ్ళు పదును చేసేవాళ్ళు వచ్చి నది పొడవునా స్థిరపడ్డారు. ఊరంతా కంపు కొట్టేదట, ఊరు బాగుపడింది కూడా అప్పుడే. సరుకుల పడవలను ఒడ్డు వెంట నడిచే గుర్రాలు తాడుతో లాగేవి. ఆ గుర్రాలు నడిచిన దారి ఇప్పటికీ ఉంది. రైలు వచ్చింది, పడవలు పోయాయి. తోళ్ళ పని పోయింది. పిల్లలు పెద్ద ఊళ్ళకు పోయారు. మిగిలినవాళ్ళు ముసలివాళ్ళయ్యారు.

ఇవన్నీ చదివి తెలుసుకున్నవి. ఊరిని మాత్రం కంప్యూటర్లో నడిచి చూశాను. కెమెరా కట్టిన కారొకటి ఎప్పుడో ఆ వీధులన్నీ తిరిగి ఫొటోలు తీసింది. బాణం గుర్తు మీద నొక్కుకుంటూ పోతే అడుగు అడుగూ ముందుకు కదులుతుంది. ఆ కారు ఒకేసారి తిరగలేదనుకుంటా. బజారు వీధిలో చెట్లు పచ్చగా ఉంటాయి, ఒక మలుపు తిరగగానే ఒక్క ఆకు ఉండదు, మనుషులు కోట్లు వేసుకుని ఉంటారు. వెనక్కి వస్తే మళ్ళీ ఎండ. మనుషుల ముఖాలు అలికేసి ఉంటాయి. పొడుగాటి రొట్టె చంకలో పెట్టుకుని వెళ్ళే ఒక ఆమె ఉంది. ముఖం లేకపోయినా ఆమెను నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. సగం అంగళ్ళు మూసే ఉన్నాయి. వాటి అద్దాలకు లోపలి నుంచి తెల్ల కాగితాలు అంటించారు. మదనపల్లెలో ఒక అంగడి మూసేస్తే వారంలో ఇంకొకరు తెరుస్తారు. అక్కడ ఆ కాగితాలు పసుపురంగుకు తిరిగిపోయాయి.

నదికి దిగే మెట్లు కూడా ఉన్నాయి. కారు మెట్లు దిగదు కదా. పైనుంచి నాలుగైదు మెట్లు కనిపిస్తాయి, తర్వాత గోడ అడ్డం వస్తుంది. ఆ కింద ఏముందో నేను ఎన్నిసార్లు నొక్కినా రాలేదు.

ఒకరోజు సార్, ఈసారి గుంపుతోపాటు రాసినవాళ్ళలో ఒకరిని పంపుతాం, నువ్వు సిద్ధంగా ఉండు అన్నారు. ఆ మాట అమ్మకు చెప్పడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది. అమ్మ హాస్టల్లో వంట చేస్తుంది. అప్పుడే వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంది.

“అంత దూరం పొయ్యి ఏం సూస్తావు పాపా?”

“ఏరు.”

“ఏట్లో ఏముండాది?”

“నీళ్ళు.”

అమ్మ పడీ పడీ నవ్వింది. “నీళ్ళు సూసేదానికి ఇమానమా! మీ నాయనకు సెప్పు, నీళ్ళ ట్యాంకరు ఈదిలోకి వస్తాంటే నువ్వు ఒక్కనాడు గూడా బిందె ఎత్తుకోని పోలేదు.”

కానీ మర్నాడు హాస్టల్లో అందరికీ చెప్పేసింది. బ్యాంకులో అటెండరుగా చేసే మా నాన్న సెలవు పెట్టారు. పాస్‌పోర్టు ఆఫీసుకు నాతోపాటు వచ్చి, బయట ఎండలో నిలబడ్డారు.

ఆ ఊళ్ళో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఒక గోడ. నది నుంచి పైకి వచ్చే సందులో, ఒక పాత ఇంటి రాతి గోడ మీద అడ్డంగా గీతలు చెక్కి ఉంటాయి. ఒకదానిపైన ఒకటి, ఒక్కో గీత పక్కన ఒక్కో సంవత్సరం. అన్నిటికన్నా పై గీత తలుపు చట్రం మీదికి ఉంటుంది. దాని గురించి నాకు దొరికిన ఇంగ్లీషు పేజీలో, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో తెలిపే గుర్తులు, ఊరివాళ్ళు మరచిపోలేని సంవత్సరాలు అని రెండు ముక్కలు మాత్రమే ఉన్నాయి. అమ్మను పిలిచి చూపించాను. అమ్మ కలకడ పక్కన పల్లెలో పుట్టింది. తడిచేయి చీరకు తుడుచుకుని కంప్యూటర్ మీదికి వంగింది.

“ఇది మొరవ గుర్తు మే. మా సెరువు కాడ గూడా ఉండాది, రాయి మీద ఉలితో కొట్టినారు.”

చెరువు నిండి, మిగులు నీళ్ళు కట్ట పక్కన రాతి కట్టడం మీదుగా పొర్లిపోతే మొరవ పారిందంటాం. అమ్మ వాళ్ళ పల్లెలో అది ఏళ్ళ తరబడి జరగదు. జరిగిన ఏడు ఊరంతా కదులుతుంది. గంగమ్మకు చీర, పసుపు, కుంకుమ నీళ్ళలో వదులుతారు, పొట్టేళ్ళు తెగుతాయి, ఆడబిడ్డలను పిలుచుకుంటారు. నీళ్ళు ఎక్కడిదాకా ఎక్కాయో రాయి మీద గుర్తు పెడతారు. అమ్మ తన వయసు కూడా అలాగే చెబుతుంది, మొరవ పారిన ఏడు పుట్టానని. వరదలు నేనూ చూశాను, టీవీలో, గోదావరి వైపు. మన చుట్టుపక్కల మాత్రం నీళ్ళు ఎక్కువైనందుకు ఏడ్చినవాళ్ళను నేను చూడలేదు.

అందుకే ఇలా రాశాను: “ఈ గోడ మీది గీతలు చూడండి. నది నిండుగా పారిన సంవత్సరాలను ఈ ఊరివాళ్ళు ఎంత మురిపెంగా చెక్కి పెట్టుకున్నారో! మన చెరువు మొరవ పారిన ఏడు మన పల్లెలో జరిగే పండగను ఒక్కసారి తలచుకోండి.”

ప్రయాణానికి ముందు పుంగనూరులో ఒక సమావేశం పెట్టారు. వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది పుంగనూరువాళ్ళే. బజారులో ఒక బట్టల అంగడి మేడ మీద, చీరల కట్టల మధ్య పరుపులు వేసి కూర్చోబెట్టారు. సార్ బెంగుళూరు నుంచి కార్లో వచ్చారు. నేను రాసినదాన్ని నేనే చెప్పాలన్నారు.  లేచి నిలబడ్డానో లేదో వెనక నుంచి నూనె వ్యాపారి ఒకాయన అడిగాడు.

“పాపా, ఆడ కాఫీ దొరుకుతాదా?”

“దొరుకుతుందండీ.”

“మన కాఫీనా, వాళ్ళ కాఫీనా?”

“వాళ్ళదే.”

“అయితే పొడి ఎత్తుకోండప్పా, పాప ముందే సెప్పేసింది!”

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో నాకు కొంచెం ధైర్యం వచ్చింది. నీళ్ళ పక్కన కప్పు వేసిన ఉతుకు చావడి గురించి చెప్పాను. ఆడవాళ్ళు చెక్కపెట్టెలో గడ్డి పరుచుకుని, అందులో మోకాళ్ళూని, చలికాలంలో కూడా ఆ నీళ్ళలోనే బట్టలు ఉతికేవారని చెప్పాను.

“మోకాళ్ళ మీదనా? పాపం గదా,” అంది బట్టలంగడి ఆమె.

“నీకేం తెలుసు మే, నీకు వాషింగు మిషను ఉండాది,” అన్నాడు ఆమె భర్త.

“మిషను ఉంటే? అందులో ఏసేది ఎవురు, నువ్వా?”

గోడ దగ్గరికి వచ్చేసరికి నా భయం పోయింది. నేను ఆ గోడ ముందే నిలబడి ఉన్నట్టు చెప్పాను.  నూనె వ్యాపారి తల ఊపుతూ, “అయితే వాళ్ళు గూడా నీళ్ళ కోసరం మొగం వాచినోళ్ళే. మనోళ్ళే గదప్పా,” అన్నాడు. చప్పట్లు కొట్టారు. బట్టలంగడి ఆమె నా చేయి పట్టుకుని, “ఆ గోడ కాడ నేను పసుపు కుంకుమ పెడతా పాపా. బ్యాగులో ఎత్తుకుంటా, నువ్వు గుర్తు సెయ్యి,” అంది. మెట్లు దిగుతూ సార్ అన్నారు: “ఇంక ఆలోచన లేదమ్మా. నువ్వే పోతాండావు.”

పుంగనూరు నుంచి మదనపల్లెకు ఆ సాయంత్రం బస్సులో నిలబడే వచ్చాను. నా జీవితంలో అంత తేలికగా నేను ఎప్పుడూ నిలబడలేదు.

మేము వినిపించేది పడవ కంపెనీవాళ్ళకు ముందుగా పంపాలి. వాళ్ళు దాన్ని వాళ్ళ భాషలోకి మార్పించి, ఏ ఊరి మాటలు ఆ ఊరివాళ్ళకు పంపుతారు. అన్ని ఊళ్ళ నుంచీ సరే అని వచ్చింది. ఈ ఊరి నుంచి రాలేదు. కొన్నాళ్ళకు సార్ ఫోన్ చేశారు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి నెమ్మదిగా మాట్లాడారు.

“అమ్మా, ఆ గీతలు వరద గీతలంట.”

నేను ఊకొట్టాను.

“ఆ పై గీత ఉండాది సూడు, తలుపు మీద. ఆ ఏడు ఏరు రాత్రికి రాత్రి వచ్చేసిందంట. ఆ సందులో సానామంది పోయినారంట. ఆ ఇంట్లో పిల్లోళ్ళు నిద్దర్లోనే. ఏటా ఆడ దీపాలు పెడతారంట వాళ్ళు. మనం పండగ అన్నాం.”

“సార్, మార్చి రాస్తాను.”

“రాయి. రాసేది రాయి. కానీ పడవోళ్ళు బాగా కోపంగా ఉండారు. ఆ బట్టలంగడి యమ్మ పసుపు కుంకుమ అంటాంది, ఆడ నిజంగా పెడితే ఏం గాను? ఇంకొకరిని పంపుతాం. ఈసారికి నువ్వు ఉండుకో.”

ఈసారికి అన్నారు గానీ, ఆ మాటలో ఇంకోసారి లేదని ఇద్దరికీ తెలుసు.

ఫోన్ పెట్టేశాక ఆ సందులోకి వెళ్ళాను. అదే గోడ, అవే గీతలు. తలుపు ఎత్తును నేను ఎన్నడూ మనిషి ఎత్తుతో పోల్చి చూడలేదు. ఆ తలుపు పక్కనే రొట్టె ఆమె నడుస్తూ ఉంది. ఆమె తల తలుపులో సగానికి కొంచెం పైకి ఉంది. నీళ్ళు తలుపుకు మూరెడు పైన నిలబడ్డాయి.

అమ్మకు ఎందుకు చెప్పానో తెలియదు, దాచి ఉండవచ్చు. ఆమె వింటూ కూర్చుని, “నేను నోరు మూసుకుని ఉండాల్సింది. నాకేం తెలుసని సెప్పినా,” అంది. నీ తప్పేం లేదన్నాను. “నీళ్ళొస్తే ఏడుస్తారని నాకెట్ల తెలుస్తాది మే, నువ్వే సెప్పు,” అంది.  నాన్న పాస్‌పోర్టును ప్లాస్టిక్ కవరులో చుట్టి బీరువాలో పెట్టారు.

మార్చి రాశాను. ఈసారి మూడు వాక్యాలే. అవి చదివితే ఎవరికీ కోపం రాదు.

నా బదులు వెళ్ళే అమ్మాయిది కుప్పం. అప్పుడే చదువు ముగించింది. తెలుగు, తమిళం, కన్నడం గలగలా మాట్లాడుతుంది, మైకు ఇస్తే వదలదని సార్ అన్నారు. ఆ ఊరి గురించి తనకు నేనే నేర్పించాలి. ఫోన్లో చెప్పొచ్చు. కానీ నేనే వస్తానన్నాను. పలమనేరులో బస్సు మారి కుప్పం చేరేసరికి మధ్యాహ్నమైంది. వాళ్ళింట్లో చుట్టాలున్నారని తను రైల్వే స్టేషనుకు రమ్మంది. ప్లాట్‌ఫారం చివర, ఎండ పడని బెంచీ మీద కూర్చున్నాం.

కాగితం మీద గీసి చూపించాను. పడవ ఎక్కడ ఆగుతుంది, ముసలివాళ్ళు కూర్చోవడానికి బల్లలు ఎక్కడున్నాయి, చెక్క స్తంభాల పాత సంత చావడికి ఏ దారి దగ్గర. వాన వస్తే ఆ చావడిలో నిలబెట్టమన్నాను. చర్చి వెనక దారిలో రాళ్ళు ఎత్తుపల్లాలుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళను అటు తీసుకెళ్ళవద్దన్నాను. నేను చెప్పినదల్లా తను గొంతు మార్చి తిరిగి చెప్పింది. నాకన్నా బాగా చెప్పింది. గోడ గురించిన మూడు వాక్యాలు చెప్పేటప్పుడు ఎదురు ప్లాట్‌ఫారం మీద వాళ్ళు కూడా తిరిగి చూశారు.

“అక్కా, నువ్వు ఎన్నిసార్లు పోయినావు ఆ ఊరికి?”

“పోలేదు.”

“సుమ్మా ఊరికే సెప్పొద్దక్కా.”

“నిజంగా పోలేదు.”

తను నా ముఖంలోకి చూసి, నవ్వు ఆపేసింది. “మరి ఈసారి యాల పోవడం లేదు? సార్ నాకేం సెప్పలా.”

ఒంట్లో బాగాలేదన్నాను. తను నమ్మలేదు గానీ మళ్ళీ అడగలేదు. లేచి రెండు టీలు తెచ్చింది. “ఆడ నీకేం గావాలో సెప్పు, తెస్తా,” అంది.

నదికి దిగే మెట్ల గురించి చెప్పాను. అక్కడ నాకు కనిపించేది నాలుగైదు మెట్లే, మిగతావి దిగి కింద ఏముందో చూడమన్నాను. నీళ్ళు మెట్టుకు తగులుతాయో లేదో చూడమన్నాను.

“అంతేనా? సెంటు గింటు ఏమొద్దా?”

“వద్దు.”

“వీడియో కాల్ చేస్తా ఉండక్కా. నువ్వే దిగినట్టు ఉంటాది సూడు.”

వాళ్ళు అక్కడ ఉండాల్సిన రోజున నేను ఇంట్లో ఫోన్ చార్జింగులో పెట్టి పక్కనే కూర్చున్నాను. వాళ్ళ పొద్దు మనకన్నా ఆలస్యమని తెలుసు, అయినా ఉదయం నుంచీ కూర్చున్నాను. సాయంత్రానికి వీడియో కాల్ రాలేదు, వాయిస్ మెసేజ్ వచ్చింది. చుట్టూ జనం గోల. పాటేదో పెద్దగా మోగుతోంది.

“అక్కా, ఏమనుకోవద్దు. ఈడ వానల్లేవంట, ఏట్లో నీళ్ళు తగ్గిపోయి పడవ కింద తగులుతాందంట. మధ్యలోనే నిలబెట్టేసినారు. ఆ ఊరు క్యాన్సిల్. బస్సెక్కించి పెద్ద మాల్‌కు తీసుకొచ్చినారు. అందరూ బాగుండారు. బట్టలంగడి పెద్దమ్మ నిన్ను అడిగింది.”

రెండుసార్లు విన్నాను. అమ్మ వంటింట్లోంచి, “ఏమంటాంది?” అని అడిగింది. ఏట్లో నీళ్ళు లేవంట అన్నాను. అమ్మ గరిటె పట్టుకుని గడపలోకి వచ్చింది. “ఆడ గూడానా?” అని మళ్ళీ లోపలికి పోయింది.

వచ్చినవాళ్ళందరూ యాత్ర చాలా బాగుందన్నారు. ఆ మాల్లో ఒక పూటంతా తిరిగారట. బట్టలంగడి ఆమె నాకొక చాక్లెట్ల డబ్బా పంపింది. ఆ ఊరి గురించి ఎవరూ ఏమీ అడగలేదు. వాళ్ళు దాన్ని చూడనేలేదు కదా, పోగొట్టుకున్నట్టు కూడా లేదు. ఆ ఊళ్ళో నిలబడి నా పది నిమిషాలు ఒక్కరూ వినలేదు, తప్పుగా రాసినదీ, సరిదిద్దినదీ.

వానాకాలం తర్వాత సార్ కొత్త సీజను వివరాలు పంపారు. నది యాత్ర తీసేశారు. ఏటా వేసవిలో ఇదే తంటా అని పడవవాళ్ళు అంటున్నారట, నీళ్ళను నమ్ముకుని టిక్కెట్లు అమ్మలేమన్నారు. అందరూ మెచ్చుకున్నారు కాబట్టి ఆ మాల్‌ను పెట్టారు. ఆ ఊరికి బస్సులోనైనా తీసుకెళ్ళొచ్చు కదా అని అడగాలనుకుని అడగలేదు. అడిగితే ఏమంటారో తెలుసు.

ఇప్పుడు ఆ మాల్ గురించి రాస్తున్నాను. ఎన్ని అంతస్తులు, ఎస్కలేటర్లు ఎటువైపు, బాత్రూములు ఎక్కడ, శాకాహారం ఎక్కడ దొరుకుతుంది. ఒక మధ్యాహ్నంలో సగం అయిపోయింది. కష్టం ఏమీ లేదు. పొరబాటు పడడానికి అందులో ఏమీ లేదు.